వెలితి కొలత

"టెంపరేచరు సంగతి నాకెందుకురా? పసుపు చేలన్నీ తినేసిన ఆ మాయదారి బూజు నా ఫ్రిజ్జులో ఏంది అని అడుగుతున్నా. దానికి చెప్పు ముందు!"

భ్రమరాంబ ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని నిలబడింది. ఆదివారం పొద్దున. వాదన మొదలై చాలాసేపయింది. ఒకరి తర్వాత ఒకరు కాఫీలు తాగడం కూడా అయిపోయింది. గుడ్ల అరలో వరసగా నిలబెట్టిన సన్నని గాజు గొట్టాలకేసి ఆవిడ వేలు చూపించి అలాగే ఉంచింది.

"అది మనుషుల్ని ఏం చెయ్యదమ్మా. దానిక్కావలసింది పసుపు దుంపే," అన్నాడు చక్రధర్, పేపర్లోంచి తలెత్తకుండా.

"అదేరా నేను చెప్పేది! దాని పక్కనే పచ్చి పసుపు ఊరగాయ పెట్టుకున్నా. దానికి నోరూరదూ?"

తన్మయి పకపకా నవ్వింది. "నాన్నా, నానమ్మ పాయింటు గట్టిది. ఓ బుల్లి ఫ్రిజ్ కొని నీ గదిలో పెట్టుకోరాదూ?"

"ఇన్‌స్టిట్యూట్‌లో అంత పెద్ద ఫ్రీజర్ ఉంది. కిందటి వేసవిలో కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే సగం గొట్టాలు పోయాయి. ఇవి మిగిలాయంటే ఈ ఫ్రిజ్ దయే. ఎవరన్నా అడిగితే ఏం పంపమంటావు?"

"అడిగేవాళ్ళకేం, అడుగుతానే ఉంటారు," అంది భ్రమరాంబ. తలుపు మాత్రం మెల్లగానే మూసింది. కొడుకుని ప్రపంచం అడుగుతుందంటే ఆవిడకి లోలోపల ఎంత గర్వమో ఇంట్లో అందరికీ తెలుసు. "రేపు అవార్డొచ్చాక టీవీవాళ్ళు వస్తారు. వాళ్ళొచ్చి నా వంటింట్లో ఈ బూజు చూస్తే నా పరువేం కాను? ఏమ్మా ప్రసూనా, నువ్వన్నా చెప్పవేం?"

ప్రసూన తోటకూర ఒలుస్తోంది. మామూలుగా అయితే ఈ గొడవలో అత్తగారి పక్షం చేరి, మొగుణ్ణి రెండు మాటలని, నవ్వేది. ఇవాళ కాడ తుంచడం, ఆకు గిన్నెలో వెయ్యడం, అంతే. అవార్డు అన్న మాట దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

"చెప్తాన్లెండి అత్తయ్యా," అంది.

చెప్పాల్సింది గొట్టాల సంగతే. ఇంకోలా చెప్పాలి. ఎలాగో తెలియక రెండు రోజులుగా ఆ మాట నోట్లో పెట్టుకుని తిరుగుతోంది.

*

చాలా ఏళ్ళ కిందట ప్రసూనకి టైఫాయిడ్ వచ్చి నెల్లాళ్ళు మంచం మీద ఉంది. ఆ నెలలో ఇంట్లో ఏవి ఆగిపోయాయో, ఏవి ఆమె లేకపోయినా సాగిపోయాయో పడుకుని చూస్తూ ఉండిపోయింది. పాలవాడికి చెప్పేవాళ్ళు లేక పాలు రెండింతలొచ్చాయి. తన్మయి లెక్కలు మాత్రం తండ్రి చెప్పినా బాగానే వచ్చాయి. తానే చెయ్యాలనుకున్నవి సగం తాను లేకుండానే జరిగాయి. ఎవరూ లెక్కలోకి తీసుకోనివి కొన్ని ఆగేసరికి ఇల్లే ఆగిపోయింది.

ఆమె వృత్తి శాస్త్రవేత్తల పనిని కొలవడం. ఫలానా ఆయన వ్యాసాల్ని ఎందరు తమ వ్యాసాల్లో ఉటంకించారు, ఎందరితో కలిసి పనిచేశాడు, ఆ కలిసినవాళ్ళు ఎంతటివాళ్ళు, ఇవన్నీ కూడి ఒక అంకె చెప్పడం. ఆ అంకెల మీద ఉద్యోగాలొస్తాయి, నిధులొస్తాయి, అవార్డులొస్తాయి. స్నేహితులు ఒకళ్ళనొకళ్ళు ఉటంకించుకుంటారనీ, చెయ్యి వెయ్యని పెద్దాయన పేరు కూడా వ్యాసం చివర చేరుతుందనీ అందరికీ తెలుసు. అయినా అంతకంటే మంచి కొలబద్ద లేదు గనక అదే నడుస్తోంది. మంచం మీదే ఆమెకి తోచింది: మనిషి చుట్టూ ఉన్నవి కూడటం ఎందుకు, మనిషిని తీసేసి చూస్తే?

అలా పుట్టింది వెలితి అనే ఆ కంప్యూటర్ యంత్రం. పదిహేనేళ్ళు పట్టింది. ప్రపంచంలోని వ్యాసాలన్నీ, ఎవరు ఎవర్ని ఉటంకించారో, ఎవరి దగ్గర ఎవరు చదివారో, ఏ సదస్సులో ఎవరు ఎవర్ని కలిశారో అన్నీ అందులోకి పోగుల్లా అల్లింది. ఏ లాబ్ తొందర పడుతుందో, ఏది పట్టిన పట్టు వదలదో యంత్రం తానే నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఒక శాస్త్రవేత్తని ఆ అల్లికలోంచి తీసేసి, గడిచిన కాలాన్ని మళ్ళీ మొదట్నించీ నడిపిస్తుంది. ఒకసారి కాదు, వేలసార్లు. మనం ఇవాళ తెలుసుకున్నది ఆ మనిషి లేకపోతే ఎన్నేళ్ళు ఆలస్యంగా తెలిసేదో చివర్న చెబుతుంది. అదే ఆ మనిషి వెలితి.

ఢిల్లీలో అవార్డులిచ్చే కమిటీ దాన్ని మెచ్చుకుంది. ఇకమీదట పెద్ద అవార్డు వెలితి చూసే ఇద్దామంది. మొదటి ప్రదర్శనకి దేశంలో మొక్కల తెగుళ్ళ మీద అందరికంటే ఎక్కువగా ఉటంకించబడ్డ శాస్త్రవేత్తని తీసుకుందామంది. ఆయన చక్రధర్.

"ఆయన మా ఆయనండీ," అంది ప్రసూన.

"యంత్రానికి చుట్టరికాలుండవు కదా మేడం," అని నవ్వారు వాళ్ళు.

శుక్రవారం సాయంత్రం లాబ్‌లో ప్రసూన, గణాంకాలు చూసే ఫరీదా ఇద్దరే ఉన్నారు. తెర మీద నీలం పోగుల మధ్య చక్రధర్ చుక్క మినుకుమంటోంది. ఫరీదా దాన్ని తీసేసింది. పోగులు సడలాయి, వెతుక్కున్నాయి, మళ్ళీ అల్లుకున్నాయి. కింద అంకె పడింది.

మైనస్ ఆరు.

"గుర్తు తప్పు పడింది మేడం," అంది ఫరీదా వెంటనే.

మళ్ళీ నడిపారు. మళ్ళీ మైనస్ ఆరే. ఇంకొందరు పెద్దవాళ్ళని తీసి చూశారు. మూడేళ్ళు, ఏడాదిన్నర, ఒకాయనకి దాదాపు సున్నా. అన్నీ సబబుగానే ఉన్నాయి. చక్రధర్ ఒక్కడికే అంకె అటువైపు పడుతోంది. ఆయన లేకపోతే పసుపు దుంపకుళ్ళుకి విరుగుడు ఆరేళ్ళు ముందే దొరికేదంటోంది యంత్రం.

శనివారం పొద్దున్నుంచీ ఇద్దరూ తప్పు కోసం వెతికారు. మధ్యాహ్నానికి ఎక్కడ తిరగబడుతోందో దొరికింది. వెలితిలో ఒక పోగు ప్రసూన తన బుర్రతో చేర్చింది, ప్రపంచంలో మరెవరూ చేర్చనిది. ఏ లాబ్ నుంచి ఏ లాబ్‌కి నమూనాలు వెళ్ళాయన్నది. విత్తనం, బూజు, సూక్ష్మజీవి, గొట్టంలో పెట్టి పంపేదేదైనా. ఆ పోగు ఆపేస్తే చక్రధర్ వెలితి తొమ్మిదేళ్ళు, దేశంలో అందరికంటే ఎక్కువ. పెడితే మైనస్ ఆరు.

ఫరీదా కుర్చీ వెనక్కి జరుపుకుంది. "మేడం, మొదటి వెర్షన్‌లో ఈ పోగు లేనే లేదు. లేకుండానే పంపితే ఎవరూ ఏం అడగరు. అబద్ధం కూడా కాదు."

"కాదు," అంది ప్రసూన.

"అలాగే రిపోర్టు రాసెయ్యనా మరి?"

"సోమవారం మాట్లాడుకుందాం ఫరీదా."

*

సోమవారం ప్రసూన లాబ్‌కి వెళ్ళలేదు. తలనొప్పి అంది. భోజనాల వేళకి ఎదురు ఫ్లాట్ కుసుమ గిన్నె పట్టుకుని వచ్చింది.

"పిన్నిగారూ, ఇదేంటో చూడండి. పెరుగు చెంచాతో ఎత్తితే తీగలు సాగుతోంది. నిన్నా అంతే."

"పాలల్లో తేడా," అంది భ్రమరాంబ, గిన్నెకేసి చూడకుండానే.

"పై ఫ్లోర్ వాళ్ళకీ అలాగే ఉందట. వాళ్ళు వేరే పాలు తెప్పించుకుంటారు కదా?"

భ్రమరాంబ ముఖం చిన్నబోయింది. ఆవిడ ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చిన కొత్తలో అందరూ కొనుక్కొచ్చిన పెరుగు ప్యాకెట్లు చూసి జాలిపడింది. గడ్డ కట్టిన తన పెరుగు ఒక్కొక్క చెంచా తోడుకి ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి బిల్డింగంతా ఆవిడ పెరుగే. ఎవరింట తోడు అయిపోయినా ఆవిడ తలుపే తడతారు. అది ఆవిడకి చిన్న గౌరవమేం కాదు.

భోజనానికి ఇంటికొచ్చిన చక్రధర్ చేతులు కడుక్కుంటూ విన్నాడు. ఉత్సాహంగా వచ్చి, గిన్నెలో చెంచా ముంచి ఎత్తి, సాగిన తీగని వెలుతురుకి పెట్టి చూశాడు. పిల్లాడికి సబ్బు బుడగ దొరికినంత సంబరం.

"పాలు కాదమ్మా, నీ తోడు. నీ గిన్నెలో ఒక సూక్ష్మజీవి దారి తప్పింది. మామూలుగా అయితే ఏం కాదు, పక్కింట్లోంచి ఇంకో చెంచా తెచ్చుకుంటాం. ఇక్కడ పక్కింటిదీ నీదే, పైఇంటిదీ నీదే. నువ్వు అడగ్గానే ఇచ్చావు, అంత బాగుంది గనక ఎవరూ వాళ్ళ తోడు ఉంచుకోలేదు. బిల్డింగంతా ఒక్క గిన్నె అయిపోయింది. ఇప్పుడు మంచి తోడు కావాలంటే నువ్వు ఇవ్వనివాళ్ళెవరో వెతుక్కుని వాళ్ళ దగ్గరికి..."

"నేను మంచికిచ్చానురా!"

"మంచికే ఇచ్చావమ్మా. నేను కాదన్నానా?" అని నవ్వాడు.

ప్రసూన చేతిలో గరిటె పప్పు గిన్నెలోకి జారిపోయింది.

"ఏమండీ," అంది. "ఒకసారి లోపలికి రండి."

*

గది తలుపు దగ్గరేసి చెప్పింది. చుట్టూ తిప్పలేదు. యంత్రం ఏం అంకె చూపించిందో, ఏ పోగు పెడితే చూపించిందో చెప్పింది. మొదట చక్రధర్ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. "మైనసా?" అన్నాడు. తర్వాత మంచం మీద కూర్చున్నాడు.

"దోనెపాలెం రకం వల్ల," అన్నాడు. అడగలేదు, తనకు తానే చెప్పుకున్నాడు. వంటింట్లో తానే విడమరిచి చెప్పాడు కదా, అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

దోనెపాలెం వాళ్ళ ఊరు, దుగ్గిరాలకి అవతల. పాతికేళ్ళ కిందట తండ్రి పసుపు చేలో దుంపలు నీళ్ళకుళ్ళు పట్టి మెత్తబడిపోతుంటే, కుర్ర శాస్త్రవేత్త చక్రధర్ ఒక దుంపని రుమాల్లో మూటగట్టుకుని గుంటూరు తెచ్చాడు. అందులోంచి బూజుని వేరుచేసి, శుద్ధంగా పెంచి, ఇదీ మీ తెగులు అని ప్రపంచానికి చూపించాడు. అంతకుముందు ఎవరూ చెయ్యలేకపోయారది. ఆ బూజుకి ఊరి పేరే పెట్టాడు. ఎవరడిగినా గొట్టంలో పెట్టి పంపాడు. పైసా తీసుకోలేదు, నా పేరు చేర్చండి అని అడగలేదు. ఇండోనేషియా నుంచి బ్రెజిల్ దాకా దుంపకుళ్ళు మీద ఎవరేం రాసినా అందులో దోనెపాలెం ఉంటుంది, చక్రధర్ పేరుంటుంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నించీ తమ్ముడు ముకుందం ఊరి బస్టాపులో 'ప్రపంచ ప్రఖ్యాత దోనెపాలెం' అని ఇంత లావు అక్షరాలతో బోర్డు పెట్టించాడు.

మందులు మాత్రం చాలాకాలం ఫలించలేదు. కుండీల్లో పనిచేసేవి, చేలో పనిచేసేవి కావు. ఎందుకో తర్వాత షిల్లాంగ్‌లో ఒకామె కనిపెట్టింది. చేలో కుళ్ళుని తెచ్చేది బూజు ఒక్కటే కాదు, దానితో పాటు ఒక బ్యాక్టీరియా. రెండూ జంట. చక్రధర్ గొట్టంలో శుద్ధి చేసిన బూజు ఒంటరిది. అన్నేళ్ళూ అందరూ మందులు పరీక్షించింది దాని మీదే.

"అడిగినవాళ్ళకి లేదనమంటావా?" అన్నాడు చక్రధర్ ఉన్నట్టుండి. గొంతు పైకి లేచింది. "గొట్టాలు బీరువాలో దాచుకుని పేరు కలిపితేనే ఇస్తామన్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళందరికీ ప్లస్సులు, పంచిపెట్టిన నాకు మైనస్సా? ఇదా నువ్వు పదిహేనేళ్ళు కష్టపడి కట్టింది?"

"ఆ పోగు ఆపి పంపొచ్చు," అంది ప్రసూన. "మీరు ఊఁ అంటే ఆపేస్తాను. తొమ్మిదేళ్ళు వస్తుంది."

ఆ మాట అనగలనని ఆమెకి అనేవరకూ తెలియదు. చక్రధర్ భార్య ముఖంలోకి చూశాడు. కోపం ఎటుపోయిందో పోయింది.

"అది ఆపితే నీ యంత్రం ఏముంటుంది?"

"పాత లెక్కే. కొత్త పెట్టెలో."

అతను లేచి చొక్కా వేసుకున్నాడు. "పద. నేను చూడాలి."

*

అన్నేళ్ళలో చక్రధర్ ఆమె లాబ్‌కి వచ్చింది రెండుమూడుసార్లే, అదీ టీ తాగిపోవడానికి. ఇప్పుడు వచ్చి తెర ముందు కూర్చుని, ఫరీదా ఇచ్చిన టీ చల్లారబెట్టి, యంత్రాన్ని విరగ్గొట్టాలని చూశాడు. అతను మంచి శాస్త్రవేత్త. అతని ప్రశ్నలు మెత్తగా ఉండవు. ఈ లాబ్ వాళ్ళ వేగం ఎలా కట్టారు? ఆ సంవత్సరం కేరళలో వరదలొచ్చి పని ఆగింది, అది తెలుసా దీనికి? నేను లేకపోతే బూజుని ఇంకొకళ్ళు శుద్ధి చేస్తారని ఎలా అనుకుంటోంది? ఫరీదా ఒక్కొక్కదానికీ జవాబు తెర మీద పెట్టింది. కొన్నింటికి యంత్రాన్ని సరిచెయ్యాల్సి వచ్చింది కూడా. అంకె కదిలేది కాసేపు, మళ్ళీ వచ్చి అక్కడే నిలబడేది.

"సరే, నన్ను తియ్యి," అన్నాడు చివరికి. "మెల్లగా నడుపు. నేను చూస్తాను."

అతని చుక్క ఆరిపోయింది. మొదటి రెండు మూడేళ్ళు తెర మీద పెద్దగా ఏం జరగలేదు. బూజు దొరక్క లాబ్‌లు తడుముకున్నాయి. చక్రధర్ భుజాలు కొంచెం నిటారయ్యాయి. ఆ తర్వాత కేరళలో ఒక చిన్న చుక్క వెలిగింది. గొట్టం వచ్చే దారి లేక, తమ ఊరి చేలోంచి కుళ్ళిన దుంపలు తవ్వి తెచ్చుకున్నారు. తర్వాత జావాలో ఒకటి. ఒడిశా కొండల్లో ఒకటి. ఎవరి కుళ్ళు వాళ్ళు తెచ్చుకున్నారు గనక, ఎవరి గిన్నెలోనో ఒకరి గిన్నెలో బ్యాక్టీరియా కూడా వచ్చింది. షిల్లాంగ్ చుక్క అసలు కాలం కంటే ముందే భగ్గుమంది.

"బాన్రీ," అన్నాడు చక్రధర్. షిల్లాంగ్‌లో ఆ జంటని కనిపెట్టినామె పేరు. "ఆమెకి నేను పంపిన పార్సిల్ దారిలో ఎండకి ఉడికిపోయింది. మళ్ళీ పంపుతానని రాశాను. ఇంతలో మా చేలోదే తవ్వుకున్నాం లెండి సార్ అని జవాబు రాసింది. అప్పుడు ఎంత బాధపడ్డానో, పార్సిల్ చెడిపోయిందని!"

షిల్లాంగ్ చుక్క నుంచి తన చుక్క ఉండాల్సిన చోటుదాకా పోగుల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. తర్వాత తెరకేసి వేలు చూపించి, "నీ యంత్రంలో తప్పుంది ప్రసూనా," అన్నాడు.

ఆమె గబుక్కున తెర దగ్గరికి వంగింది. "ఎక్కడ?"

"ఇందులో పోస్టులో వెళ్ళినవే ఉన్నాయి. నేను చేత్తో ఇచ్చినవి లేవు. సదస్సులకి వెళ్ళినప్పుడు కోటు జేబులో పెట్టుకుపోయేవాణ్ణి, నీకు గుర్తులేదూ? ఎయిర్‌పోర్టులో ఒకసారి పట్టుకున్నారు కూడా. హనోయ్‌లో ఇద్దరికి ఇచ్చాను. బ్రెజిల్ వెళ్ళినప్పుడు కాంపినాస్‌లో ఆ పొడుగాయనకి. కోళికోడ్‌లో అడిగినవాళ్ళందరికీ. వాళ్ళ దగ్గర్నించి వాళ్ళ విద్యార్థులకి వెళ్ళాయి. అవి ఎక్కించందే ఈ లెక్క పూర్తి కాదు."

"ఎక్కిస్తే ఇంకా..." అని ఫరీదా ఆగిపోయింది.

"ఎటు పోతుందో నాకూ తెలుసమ్మా. కీబోర్డు ఇటివ్వు."

గుర్తున్నవాళ్ళందరి పేర్లూ, ఊళ్ళూ ఒక్కొక్కటే రెండు వేళ్ళతో కొట్టుకుంటూ పోయాడు. మధ్యమధ్య ఆగి కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకునేవాడు. ఏదో పేరు దగ్గర చిన్నగా నవ్వుకున్నాడు. ప్రసూన అతని వెనక నిలబడింది. అతని నెత్తి మీద పల్చబడ్డ జుట్టు, వంగిన మెడ, అక్షరం కోసం వెతుక్కునే ఆ రెండు వేళ్ళు చూస్తూ నిలబడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషికి ఎన్నో శాలువాలు కప్పారు. ఏ శాలువా చూసినప్పుడూ ఆమెకి ఇంత గర్వం కలగలేదు. 

మళ్ళీ నడిపితే మైనస్ ఏడు పడింది. ఫరీదా కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నాడు చక్రధర్.

"ఇప్పుడిది నా ఒక్కదాని లెక్క కాదు," అంది ప్రసూన. "మీరూ పనిచేశారు. మీ పేరూ పెట్టాలి."

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆమె మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన, 'మీకేమమ్మా, ఇంట్లోనే రాసిపెట్టేవాళ్ళున్నారు' అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె ఒట్టు పెట్టుకుంది. ఇద్దరి పేర్లూ ఒక కాగితం మీద ఎప్పుడూ ఉండవని. అతనూ ఆ ఒట్టుని ఆమెకంటే జాగ్రత్తగా కాపాడాడు. ఆమె వ్యాసం ఒక్కటి కూడా అచ్చుకి ముందు చదవలేదు.

"అదంతా తర్వాత," అన్నాడు. "ముందు ముకుందానికి చెప్పాలి. వాడు పేపర్లో చూడకూడదు."

*

దోనెపాలెంలో ముకుందం వాళ్ళని చూసి అరటితోటలోంచి చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏంది వదినా, మా అన్నయ్య మొహం అట్టా ఉంది? అవార్డు ఇంకెవరికన్నా ఇచ్చారా ఏంది? చెప్పు, ఢిల్లీ పోయి ధర్నా చేద్దాం!"

చక్రధర్ పంచలో బల్ల మీద కూర్చుని చెప్పాడు. శాస్త్రం మాటలు లేకుండా చెప్పాడు. తాను గొట్టాలు పంచకపోయుంటే ఎవరి చేను వాళ్ళు తవ్వుకునేవాళ్ళనీ, మందు ఏడేళ్ళు ముందొచ్చేదనీ చెప్పాడు. ముకుందం మొదట వేళాకోళం అనుకున్నాడు. అన్న ముఖం చూసి, వదిన ముఖం చూసి, కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఏడేళ్ళా?"

"ఊఁ."

"నేను పసుపు మానేసింది ఆ మధ్యలోనే గదా అన్నయ్యా."

"అవునురా."

ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. మూడు పంటలు వరసగా కుళ్ళిపోయాక ముకుందం, తండ్రి వాడిన పసుపు ఉడకబెట్టే పెద్ద బానని పాత ఇనుముకి అమ్మేశాడు. ఆ రోజు భ్రమరాంబ అన్నం తినలేదు. ఆ తర్వాతే ఆవిడ ఊళ్ళో ఉండలేనని గుంటూరు వచ్చేసింది.

ముకుందం లేచి, మోటారు చూసొస్తానని వెళ్ళిపోయాడు. మోటారు వేసిన చప్పుడు మాత్రం ప్రసూనకి వినబడలేదు. చక్రధర్ లేవబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ముకుందం చాలాసేపటికి తిరిగొచ్చాడు. కాళ్ళు కడుక్కుని గడప మీద కూర్చున్నాడు.

"కోపం రాలేదనుకోకు," అన్నాడు. "వచ్చింది. ఎన్నాళ్ళుండిద్దో తెలవదు. నువ్వు కావాలని చెయ్యలేదని తెలుసు. అయినా వచ్చింది."

"రావాలి," అన్నాడు చక్రధర్.

"నాకు చెప్పకపోతే ఎవరన్నా అడిగేవాళ్ళా నిన్ను?"

"ఎవరూ అడగరు."

ముకుందం తల ఊపాడు. అన్నయ్యకేసి కాసేపు కొత్తగా చూశాడు. "బస్టాపులో బోర్డు మటుకు నేను తియ్యను. మనూరి బూజు మనూరిదే. దాని లెక్క ఇప్పుడు మనమే చెబుతున్నాం గదా, ఇంకెందుకు తియ్యాలి?" అన్నాడు. తర్వాత లోపలికి కేకేసి విస్తళ్ళు వెయ్యమన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ప్రసూన కారు నడుపుతుంటే చక్రధర్ పక్కన కూర్చున్నాడు. కాలువ దాటాక, "పేరు పెడితే నాది రెండోది," అన్నాడు.

"మీరు పెద్దవాళ్ళు."

"యంత్రం నీది. నేను అందులో తీసేసిన చుక్కని, అంతే." కాసేపాగి, "ఇంకొక మాట. వెలితి అంటే ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని చెప్పేదే అనుకున్నాను. ఇకముందు దోనెపాలెం లాంటిది ఎక్కడన్నా జరుగుతుంటే, అది జరుగుతున్నప్పుడే చూపిస్తుందా?"

ప్రసూన స్టీరింగ్ మీద చెయ్యి బిగించింది. అలా తనకి తట్టలేదు. గడిచినదాన్నే కదా ఇన్నాళ్ళూ నడిపిస్తోంది. "చూపిస్తుంది," అంది మెల్లగా. "అందరూ ఒకే గొట్టం మీద కూర్చున్నారని ముందే చెప్పొచ్చు. కొంచెం మార్చాలి."

"అయితే అవార్డులకి కాదది," అన్నాడు అతను. ఆ గొంతులో ఆమెకి మళ్ళీ పాత ఉత్సాహం వినిపించింది.

*

మరుసటి ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. ముకుందం అరటిగెల తెచ్చాడు. ఢిల్లీకి ఏం కట్టుకోవాలన్నది నడుస్తోంది. భ్రమరాంబ పట్టుపంచె తీసి ఇస్త్రీకి కూడా ఇచ్చేసింది.

"సూటు వేసుకుంటే బాగుంటుంది నానమ్మా," అంటోంది తన్మయి. "అక్కడందరూ అలాగే వస్తారు."

"అందరిలాగా పోవడానికి వాడేం అందరిలాంటివాడా? బాబాయినడుగు."

ముకుందం అన్నయ్యకేసి చూసి, చూపు కంచంలోకి దించుకున్నాడు. చక్రధర్ ప్రసూనకేసి చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు చిన్నగా తల ఊపాడు.

ప్రసూన ముద్దపప్పు గిన్నె కింద పెట్టి కూర్చుంది. అంకె చెప్పింది. అది ఎలా వచ్చిందో, అందులో ఒక ఏడాది ఆయన చేతులారా ఎలా కలుపుకున్నాడో చెప్పింది. గొంతు పెంచలేదు. తన్మయి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"అంటే నాన్న పేరు పాడవుతుందామ్మా?"

"కొందరి దగ్గర పాడవుతుంది," అంది ప్రసూన. "కొందరు నవ్వుతారు. గొట్టాలు దాచుకున్నవాళ్ళు మేం మంచిపనే చేశామంటారు. వాళ్ళకి జవాబు చెప్పడానికి చాలాకాలం పడుతుంది. పంచడం తప్పు కాదు, పంచినప్పుడు మీది కూడా తవ్వుకోండి అని చెప్పాలి, అదీ సంగతి. అది రిపోర్టు మొదట్లోనే రాశాను."

తన్మయి తండ్రికేసి తిరిగింది. ఏదో అనబోయి, అతను ప్రశాంతంగా అన్నం కలుపుకుంటుంటే చూసి, అనకుండా లేచి వెళ్ళి అతని పక్క కుర్చీలో కూర్చుంది.

భ్రమరాంబ కంచం చుట్టూ పడ్డ మెతుకులు ఒక్కొక్కటే ఏరింది. కోడలు చెప్పింది ఎంత అర్థమైందో, చిన్నకొడుకు అమ్మేసిన బాన ఎంత గుర్తొచ్చిందో ఆవిడ ముఖంలో తెలియలేదు. చివరికి కొంగుతో మూతి తుడుచుకుని, "మరి అవార్డొస్తోందని నేను అందరికీ చెప్పానే," అంది. వెంటనే తనకే ఆ మాట నచ్చనట్టు తల అడ్డంగా తిప్పింది. "ఆ ఏడో ఏడు వాడే చెప్పాడా? ఎవరూ అడక్కుండా?"

"ఎవరూ అడక్కుండానే అత్తయ్యా."

"వీళ్ళ నాన్న అంతే," అంది భ్రమరాంబ, ఎవరితోనూ కాకుండా. కళ్ళల్లో నీళ్ళు నిండినా మెడ మాత్రం నిటారుగా పెట్టుకుంది. "ఇంతకీ ఢిల్లీ వెళ్తారా, వెళ్ళరా? అది చెప్పండి."

"వెళ్తాం," అంది ప్రసూన. "అవార్డు వద్దని ఆయన పొద్దున్నే రాసి పంపారు. రిపోర్టు రేపు పంపుతున్నాం, ఏ పోగూ ఆపకుండా, ఆయన పేరు దాచకుండా. రాసినవాళ్ళ దగ్గర ముందు నా పేరు, పక్కన ఆయనది. అందరి ముందూ నిలబడి దాన్ని చదివేది మాత్రం ఆయనే."